అంటుమామిడి చరిత్ర – చేతినుండి చేతికి

ఉగాదినాడు మన గుమ్మానికి కట్టేది మామిడాకు. పచ్చడిలో వేసేది మామిడికాయ. ఉద్యోగాల నిమిత్తం స్వస్థలాలు విడిచి దూరప్రాంతాలలో స్థిరపడిన మనవంటి కుటుంబాలవారికి కూడా ఈ రెండూ లేనిదే కొత్త సంవత్సరం ప్రారంభమైనట్లు తోచదు. అయితే తాతగారు తిన్న పండు రుచి మనుమడు తినే పండులో మారకుండా ఎట్లా వచ్చింది అనే ప్రశ్నను మనలో చాలమంది వేసుకొని ఉండరు. చెట్టుకు ఆయుస్సు ఉన్నది. మనిషికి అంతకంటె తక్కువ ఆయుస్సు ఉన్నది. మరి రుచి ఎవరి చేతులలో బ్రతికినది? ఈ సంచికకు ఏదైనా వ్రాయవలసినదని మన సంఘంవారు కోరినప్పుడు నాకు తట్టిన విషయం ఇదే. నేను రైల్వేలో గుమాస్తాను. మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించినవాడిని. పాండిత్యం చూపే శక్తి నాకు లేదు. పుట్టి పెరిగినది మామిడితోటల నడుమ కనుక, కంటితో చూచినదీ చదివి తెలిసికొన్నదీ కలిపి మనవి చేస్తున్నాను.

మాది కోలారు జిల్లా, శ్రీనివాసపురం తాలూకా, రాయల్పాడు ప్రాంతం. పటంలో చూస్తే కర్ణాటక రాష్ట్రం. వీధిలో నిలబడి వింటే తెలుగు. బడిలో కన్నడం, ఇంటిలో తెలుగు, సంతలో రెండూ. మదనపల్లెకు వెళ్ళి రావటం మావారికి పొరుగూరికి వెళ్ళి వచ్చినట్లే. మా జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. చెరువులే ఆధారం, వాన వస్తే పంట, రాకుంటే లేదు. అటువంటి ఎర్రనేలలో బెట్టకు తట్టుకొని నిలిచినది మామిడి. అందుచేతనే శ్రీనివాసపురానికి మామిడి పట్టణమనే పేరు వచ్చింది. బాదామి, రసపురి, తోతాపురి, బంగినపల్లి, మల్గోవా, నీలం, మల్లిక – ఇవన్నీ మా తోటలలో కనబడే రకాలు.

మా జిల్లా పేరు చెప్పగానే లోకానికి గుర్తుకు వచ్చేది బంగారు గనులు గదా! 1880లో జాన్ టేలర్ కంపెనీవారు కోలారు గనులలో పని ప్రారంభించారు. 1956లో గనులు ప్రభుత్వపరమైనవి. మూడు కిలోమీటర్లకు మించిన లోతునుండి బంగారం త్రవ్వి తీశారు. చివరకు 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. దానితో ఎన్ని కుటుంబాలు చెల్లాచెదరైనవో మనలో కొందరికి స్వానుభవమే. ఒకసారి తీసిన బంగారం మరల నేలలో మొలవదు. నేలపైని మామిడి సంగతి వేరు. దానిని తెగిపోకుండా నిలుపుకొనే ఉపాయం మన పెద్దలు కనిపెట్టారు. ఆ ఉపాయం పేరు అంటు కట్టటం. కన్నడంలో దీనిని 'కసి' అంటారు.

అంటు ఎందుకు కట్టాలి, టెంక నాటితే మొక్క రాదా అని పిల్లలు అడుగుతారు. వస్తుంది, కాని తల్లిచెట్టు గుణం నిలవదు. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదు. పువ్వు దశలో ఏ చెట్టు పుప్పొడి వచ్చి కలిసిందో, టెంకలోని మొలక ఆ రెండింటి గుణాలనూ పుచ్చుకొంటుంది. పులుపే రావచ్చు, పీచే రావచ్చు, అదృష్టం ఉంటే తల్లిని మించిన పండే రావచ్చు. కాయటానికి కూడా ఆరేడేండ్లకు పైగానే కాచుకొని ఉండాలి. అంటుమొక్క అట్లా కాదు. మంచిచెట్టు కొమ్మను తెచ్చి టెంకమొక్కపై అతికిస్తే, వేళ్ళు ఒకదానివి, తల మరొకదానిది. కాపు మూడు నాలుగేండ్లలో వస్తుంది. రుచి ఆ కొమ్మ ఏ చెట్టుదో ఆ చెట్టుదే.

ఈ మాటను కొంచెం నిదానంగా ఆలోచించండి. ఈనాడు లక్షల ఎకరాలలో ఉన్న బంగినపల్లి చెట్లన్నీ, ఎప్పుడో ఎక్కడో టెంకనుండి మొలచిన ఒకే చెట్టుయొక్క కొమ్మలు. మొదటి చెట్టు ఎండిపోయి ఉండవచ్చు. దాని కొమ్మనుండి మరొక చెట్టు, దాని కొమ్మనుండి ఇంకొకటి – ఇట్లా గొలుసు సాగింది. నడుమ ఒక్క తరంవారు 'మనకెందుకులే' అని కత్తి క్రింద పెట్టి ఉంటే, ఆ రుచి అక్కడితో సమాప్తం. ఉత్తరదేశంలో దశేరి అనే రకానికి తల్లిచెట్టు లక్నో సమీపాన దశేరి గ్రామంలో ఇప్పటికీ ఉన్నది. అన్ని రకాలకూ అటువంటి అదృష్టం లేదు.

ఊరు మారితే చెట్టుకు పేరు కూడా మారుతుంది. మన బంగినపల్లిని బేనిషాన్ అనీ, సఫేదా అనీ అంటారు. కొన మొనదేలి చిలుకముక్కు వలె ఉంటుంది కనుక తోతాపురి అన్నారు. అదే అరవదేశంలో కిళిమూకు. మరికొన్ని చోట్ల బెంగుళూరా, కలెక్టరు. లోకమంతా ఆల్ఫాన్సో అని కొనియాడే పండును మా జిల్లాలో బాదామి అంటారు. పరదేశంలో మన ఇంటిపేర్లను తలకొక విధంగా పలికినట్లే ఇదిన్నీ. పేరు మారినా పండు మారలేదు.

ఇక ఈ విద్య వయస్సు ఎంత? ఆరవ శతాబ్దంనాటి వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమనే అధ్యాయం వ్రాశాడు. పనస, నేరేడు, దానిమ్మ, ద్రాక్ష మొదలైనవాటి కొమ్మను పేడతో మెత్తి నాటటం, మరొక చెట్టు వేరుమీదగాని మ్రానుమీదగాని అతికించటం అందులో చెప్పబడినవి. తరువాతి కాలంలో సురపాలుడు వృక్షాయుర్వేదం అనే గ్రంథాన్నే రచించాడు. దాని వ్రాతప్రతి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు గ్రంథాలయానికి చేరింది. 1996లో మన సికిందరాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్‌వారు ఇంగ్లీషు అనువాదంతో దానిని ప్రకటించారు. పుస్తకం కాబట్టి అంతకాలం బీరువాలో పడి ఉన్నా బ్రతికి బయటపడింది. చేతిపనికి ఆ వసతి లేదు.

మామిడి విషయంలో గోవాలోని పోర్చుగీసువారిని కూడా చెప్పుకోవాలి. పదహారవ శతాబ్దంనుండి అక్కడి క్రైస్తవ సన్యాసులు మంచి మామిడి చెట్లను ఏరి, అంట్లు కట్టి, రకాలు నిలిపారు. ఆల్ఫాన్సో పేరు అల్బుకెర్కు అనే పోర్చుగీసు రాజప్రతినిధి పేరునుండి వచ్చినదే అంటారు. మా వైపున ఈ విద్యకు పెద్దబడి బెంగుళూరు లాల్‌బాగ్. దానిని 1760లో ప్రారంభించిన హైదరు అలీ మా కోలారు జిల్లా బూదికోటలో పుట్టినవాడు. అతని కుమారుడు టిప్పు పరదేశాలనుండి మొక్కలు తెప్పించి తోటను పెంచాడు. 1856లో అది ప్రభుత్వ వృక్షశాస్త్ర తోట అయింది. 1908నుండి 1932వరకు జర్మను దేశస్థుడైన క్రుంబీగల్, 1951నుండి డాక్టర్ మరిగౌడ ఆ తోట బాధ్యత వహించారు. మరిగౌడగారి కాలంలో తాలూకాలలో ప్రభుత్వ ఉద్యాన క్షేత్రాలు వెలసి, మంచి అంట్లు సామాన్య రైతుకు అందే దారి ఏర్పడింది. మా తాలూకాలోని హొగళగెరెలో ఇప్పుడు ఉద్యాన పరిశోధన కేంద్రం ఉన్నది.

పాత పద్ధతిలో అంటు కట్టటం ఒక తపస్సు వంటిది. ఏడాది వయస్సు టెంకమొక్కను కుండలో పెంచి, వానాకాలంలో తల్లిచెట్టు దగ్గరకు తీసికొని పోవాలి. కొమ్మ ఎత్తున ఉంటే మంచె కట్టి కుండను దానిమీద నిలపాలి. మొక్క కాండం, చెట్టు కొమ్మ రెండూ పెన్సిలు లావున సమంగా ఉండాలి. రెండింటికీ రెండంగుళాల పొడవున బెరడూ కొంచెం కొయ్యా చెక్కి, గాయాన్ని గాయానికి ఆనించి, తడిపిన అరటినారతో బిగించి, పైన పేడా బంకమట్టీ మెత్తుతారు. బెరడుకూ కొయ్యకూ నడుమ సన్నని పచ్చని పొర ఉన్నది. ఆ పొర ఆ పొరను తాకితేనే అతుకుతుంది. తాకకుంటే పైకి ఎంత బాగా కట్టినా ఎండిపోతుంది. రెండు మూడు మాసాలు కుండకు రోజూ నీళ్ళు పోయాలి. అతికిన తరువాత కూడా ఒక్కసారిగా కోయరాదు. తల్లిచెట్టు కొమ్మకు ఒకవారం కొంచెం గాటు, మరొక వారం మరికొంచెం; అట్లా మెల్లగా తల్లినుండి విడదీయాలి.

మా ఊరివైపు ఈ పనిలో చేయి తిరిగిన ఒక వృద్ధుడు ఉండేవాడు. చదువు లేదు. తన దగ్గరకు వచ్చిన కుర్రవాళ్ళకు ఆయన మొదటి వానాకాలంలో నీళ్ళు మోసే పనే యిచ్చేవాడు. రెండవ ఏడు నార నానవేయటం, కట్టు కట్టటం. కత్తి చేతికి ఇచ్చేది మూడవ ఏట. 'తాతా, మూడేండ్లా?' అని అడిగితే, 'నీళ్ళు మరిచేవాడికి కత్తి ఎందుకురా అబ్బయ్యా, కోసేది ఒక్క గడియ, కాపాడేది మూడు నెలలు' అనేవాడు. ఆ మాట విద్యలన్నిటికీ చెల్లుతుందని ఉద్యోగంలో చేరిన తరువాత నాకు బోధపడింది.

ఇప్పుడు పద్ధతులు సులువైనవి. టెంక మొలచి పది పదిహేను దినాలైన, ఆకులింకా రాగిరంగున ఉన్న లేత మొక్కను తీసికొంటారు. దాని తల కత్తిరించి, కాండాన్ని నిలువున చీల్చి, చీలికలో మేకు వలె చెక్కిన పుల్లను దించి, ప్లాస్టిక్ పట్టీతో చుట్టుతారు. పుల్ల మూడు నాలుగు మాసాల వయస్సుదై ఉండాలి. వారం పది దినాలు ముందుగానే దాని ఆకులు త్రుంచి ఉంచితే మొగ్గ ఉబ్బి సిద్ధంగా ఉంటుంది. జూలై, ఆగస్టు మాసాలు దీనికి అనుకూలం. మంచె అక్కరలేదు, కుండ అక్కరలేదు. పాత ముసలిచెట్లనుకూడా కొట్టివేయకుండా మ్రోడు చేసి, వచ్చిన కొత్త చిగుళ్ళకు వేరే రకం అంటు కట్టి, మరల కాపుకు తేవచ్చు. ఉత్తరప్రదేశ్‌లోని మలీహాబాద్‌లో కలీముల్లా ఖాన్‌గారు ఒకే చెట్టుకు మూడువందలకు పైగా రకాలు అంటు కట్టి, 2008లో పద్మశ్రీ బిరుదు పొందారు. ఆయనా చేతితో నేర్చినవాడే.

చెట్టును తరంనుండి తరానికి అప్పగించటంలో జపాను దేశస్థులను మించినవారు లేరనిపిస్తుంది. వారి బోన్సాయ్ విద్య మనలో కొందరు విని ఉంటారు. మనవారు దానిని వామనవృక్ష కళ అంటారు. మహావృక్షాన్ని తాంబాళమంత తొట్టిలో పెంచి, వేళ్ళు కత్తిరిస్తూ, కొమ్మలు వంచుతూ వందల ఏండ్లు నిలుపుతారు. దీనికి పుట్టిల్లు చైనా. 706వ సంవత్సరంనాటి ఒక రాకుమారుని సమాధి గోడలమీద, పళ్ళెంలో రాళ్ళతో సహా చిన్నచెట్లను మోస్తున్న పరిచారకుల చిత్రాలు ఉన్నవి. అక్కడినుండి విద్య జపానుకు చేరింది. 1923లో టోకియో భూకంపంలో నష్టపోయిన బోన్సాయ్ తోటమాలులు 1925లో ఓమియా అనేచోట తమకంటూ ఒక ఊరే కట్టుకొన్నారు. అక్కడిన్నీ శిష్యుడు గురువు దగ్గర ఏండ్ల తరబడి ఉండి నేర్చుకోవాలి. జపానులో తెల్ల పైన్ చెట్టును నల్ల పైన్ వేరుపై అంటు కట్టి బోన్సాయ్ చేసే ఆచారం ఉన్నది కనుక మన విద్యా వారి విద్యా దాయాదులే.

ఆ చెట్లలో ఒకదాని కథ చెప్పుతాను. హిరోషిమాలో యమాకి అనే కుటుంబంవారి దగ్గర ఒక తెల్ల పైన్ బోన్సాయ్ ఉండేది. 1625నుండి అది తొట్టిలో పెరుగుతున్నది. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడినప్పుడు వారి ఇల్లు అక్కడికి సుమారు మూడు కిలోమీటర్ల దూరం. గోడ చాటున ఉండుటచేత చెట్టు బ్రతికింది. 1976లో అమెరికా స్వాతంత్ర్య ద్విశతాబ్ది సందర్భంలో జపాను ప్రజలు ఆ దేశానికి 53 బోన్సాయ్ చెట్లను కానుక పంపినప్పుడు యమాకిగారు దీనినీ యిచ్చారు. బాంబు సంగతి పైకి చెప్పలేదు. 2001లో ఆయన మనుమలు వాషింగ్టన్‌కు వచ్చి తమ తాత చెట్టును చూచి, జరిగినది చెప్పిన తరువాతనే తోటవారికి తెలిసింది. అన్ని తరాల చెట్టును పరాయిదేశంవారి చేతిలో పెట్టగలిగారంటే, నీళ్ళు పోసేవాడు ఎవరైనా సరే చెట్టు బ్రతికితే చాలుననే గదా! మన దగ్గర కూడా మైసూరులోని గణపతి సచ్చిదానంద ఆశ్రమంలో కిష్కింధా మూలికా బోన్సాయ్ తోట ఉన్నది. సెలవులలో పిల్లలకు చూపదగినది.

జపానుకథనుండి మా ఊరికి వస్తే సంగతులు అంత సంతోషంగా లేవు. తోటలు ఉన్నవి, తోటలో నిలబడే కుర్రవాళ్ళు తగ్గుతున్నారు. బెంగుళూరులో నెలజీతం, ఇక్కడ ఏడాదికి ఒక్క కాపు. 2025లో తోతాపురి ధర బాగా పడిపోయింది. మా తోతాపురికి పెద్దగిరాకీ సరిహద్దుకు అవతల చిత్తూరు జిల్లాలోని గుజ్జు ఫ్యాక్టరీలు. ఆ జూన్‌లో అక్కడి రైతులకు కూడా ధర లేనందున, కర్ణాటక కాయ రాకూడదని ఆ జిల్లా అధికారులు ఉత్తర్వు చేశారు. కోసిన కాయ ఎక్కడికి పోవాలి? ఇటువైపు రైతూ తెలుగే మాట్లాడతాడు, అటువైపు రైతూ తెలుగే మాట్లాడతాడు. ఇద్దరి కాయా ఒకే తల్లిచెట్టు కొమ్మలది. చివరకు కేంద్రప్రభుత్వం కర్ణాటకకు క్వింటాలు 1,616 రూపాయల లెక్కన రెండున్నర లక్షల టన్నులవరకు సహాయం మంజూరు చేసింది. ఇటువంటి ఏడాది చూచిన కుర్రవాడు అంటుకత్తి పట్టుకోకుండా బస్సు ఎక్కితే తప్పు పట్టలేము. మనమూ అట్లా ఎక్కి వచ్చినవారమే.

అయితే వెళ్ళినవారివల్ల గొలుసు తెగిపోతుందని కూడా అనుకోనక్కరలేదు. దీనికి అమెరికాలోనే మరొక నిదర్శనం ఉన్నది. 1889లో మన దేశంనుండి మల్గోవా అంటుమొక్కలు ఫ్లోరిడా చేరినవి. 1894–95 శీతకాలపు మంచుకు మిగిలినవన్నీ చచ్చి ఒక్కటే నిలిచింది. ఆ చెట్టు పండ్ల టెంకలను 1902లో కెప్టెన్ హేడెన్ అనే ఆయన తన తోటలో నాటాడు. 1903లో ఆయన కాలం చేశాడు. ఆయన భార్య మొక్కలను కాపాడింది. 1910లో ఒక చెట్టుకు ఎర్రని రంగుతో అపూర్వమైన పండ్లు వచ్చినవి. దానికి హేడెన్ అనే పేరే పెట్టారు. ఈనాడు ప్రపంచమంతటా అంగళ్ళలో అమ్మే టామీ ఆట్కిన్స్ మామిడి దాని సంతతే. టెంకనుండి కొత్తది పుట్టింది. పుట్టిన కొత్తదానిని నిలుపుకొన్నది మరల అంటుకత్తితోనే. మన దేశంలో కూడా దక్షిణాది నీలానికీ ఉత్తరాది దశేరికీ సంకరం చేసి 1972లో ఢిల్లీ పరిశోధనాలయంవారు మల్లికను విడుదల చేశారు. అది మా తాలూకాకు వచ్చినది అంటుమొక్కగానే.

మన పిల్లల సంగతిలో ఈ రెండూ గుర్తుంచుకొంటే మేలు. వారు ఈ నేలలో మొలచిన మొక్కలు. ఈ నేల భాష, ఈ నేల స్నేహాలు వారికి వేళ్ళు. ఆ వేళ్ళను చూచి మనం బెంగపడనక్కరలేదు. బలమైన వేరు మీదనే అంటు బాగా నిలుస్తుంది. మనం తెచ్చిన పుల్ల మాత్రం పచ్చిగా ఉండగానే అతికించాలి. తెలుగు మాట, పద్యం, వంట, చేతిపని – ఏదైనా పుల్ల ఎండిన తరువాత ఎంత మంచి కత్తి తెచ్చినా లాభం లేదు. పిల్లవానికి ఇరవై ఏండ్లు వచ్చిన తరువాత 'వీడికి తెలుగు రాదండీ' అని విచారించేవారిని చూస్తుంటాము. అతుకు వేయవలసిన కాలం అప్పటికే దాటిపోతుంది.

కాబట్టి మన సంఘానికి ఒక చిన్న మనవి. ఈ వేసవిలో తినే మామిడిపండ్ల టెంకలు పారవేయవద్దు. కడిగి, పైపెంకు జాగ్రత్తగా తీసి, లోపలి గింజను మట్టి నింపిన సంచులలో పిల్లలచేతనే నాటించండి. జూలై నెలలో స్వగ్రామంనుండి వచ్చేవారు మీ తోటలోనిదో, మీ మేనమామగారి తోటలోనిదో మంచిచెట్టు పుల్లలు నాలుగు తేవాలి. తడిగుడ్డ చుట్టి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టితే మూడు నాలుగు దినాలు పచ్చిగా ఉంటవి. రైలులో రెండు రాత్రుల ప్రయాణమైనా భయం లేదు. ఒక ఆదివారం అందరం కూడి, చేయి తెలిసిన పెద్దలు ముందు కట్టి చూపితే, తరువాత పిల్లలు కట్టవచ్చు. కావలసినది పదునైన చాకు, ప్లాస్టిక్ పట్టీ, కాస్త ఓపిక. మొదట కట్టినవి పదిలో ఏడెనిమిది ఎండినా నిరాశ పడరాదు. ఇంటి ముందు చోటు లేనివారు పెద్ద తొట్టిలో పెట్టుకోవచ్చును. బ్రతికిన ప్రతి అంటుకూ ఒక చీటీ కట్టి, అది ఏ ఊరి ఏ చెట్టు కొమ్మో, ఏ పిల్లవాడు కట్టినదో తెలుగులో వ్రాయించండి.

ఆ తరువాత రోజూ నీళ్ళు పోసే పని కూడా వారికే అప్పగించండి. మూడు మాసాలు నీళ్ళు మరువని పిల్లవాడు అంటు కట్టటం నేర్చుకొన్నట్లే. మూడు నాలుగేండ్లకు కాయ వచ్చినప్పుడు, అది మన సంఘం ఉగాది పచ్చడికే రావాలని కోరుకొంటూ, సభ్యులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు తెలుపుతున్నాను.